పాత జీపు బేరం

(సంఘ వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద విద్యావశ్యకత గురించి, వరకట్న దురాచారం గురించి పెద్దలు ఉపన్యసించడం ఆనవాయితీ. ఈ ఏడు కార్యదర్శి గారు షెడ్డులో పనిచేసుకునే మమ్మల్ని పిలిచి "జీపుల సంగతి చెప్పండి భాయ్" అన్నారు. వేదిక మీద డొక్కు జీపుల గోలేందని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, తప్పులేదు. కానీ కార్యదర్శి గారు ఊరికే అడగలేదు.

ఈ మధ్య మన వీధుల్లో పాత జీపుల మోజు ముదిరింది. ఒకప్పుడు తుక్కు కొట్టువాడు కూడా ముట్టని బండికి ఇవాళ లక్షలు పలుకుతున్నాయి. గల్ఫు నుంచి వచ్చిన పిల్లవాడు రెండేళ్ళ కష్టార్జితం తెచ్చి జీపు మీద పెడతాడు. లేదంటే అమ్మీ చేతి గాజులు బ్యాంకులో కుదువ చేరుతాయి. బండి ఇంటికొస్తుంది, అందరూ ఎక్కి మైపాడు ఇసుకలో ఒక చుట్టు తిరిగొస్తారు. నెల తిరగక ముందే అది మా షెడ్డుకొస్తుంది. మేము ముందు అడిగేది ఇంజను సంగతి కాదు, సి బుక్కు. దాన్ని ఛాసిస్ నంబరుతో సరిచూసి తల ఎత్తేసరికి ఆ పిల్లవాడి మొహం చూడలేకపోతాము. ముత్తుకూరు నుంచి కావలి దాకా ఈ తీరంలో ఇట్టాంటివి ఒకటీ రెండూ కాదు. అందుకని ఈ పూట మాకు తెలిసినంతలో నాలుగు ముక్కలు చెప్పుకుంటాము.

జీపు పుట్టిందే యుద్ధం కోసం. 1940లో అమెరికా సైన్యం, తేలికగా ఉండి నాలుగు చక్రాలూ లాగే బండి ఒకటి కావాలని 135 కంపెనీలకు రాసింది. నమూనా బండికి గడువు 49 రోజులు. ఆ గడువులో బండి చేసి చూపించింది బాంటమ్ అనే చిన్న కంపెనీ, అదే ఏడు సెప్టెంబరులో. అయితే అంత పెద్ద ఆర్డరు మోయగల సత్తా దానికి లేదని పని విల్లీస్‌కు, తరువాత ఫోర్డుకు పోయింది. దున్నింది ఒకరు, నూర్చుకున్నది ఇంకొకరు. యుద్ధం ముగిసేసరికి విల్లీస్, ఫోర్డు కలిసి సుమారు 6 లక్షల 40 వేల జీపులు తయారు చేశాయి. విల్లీస్ బండిని ఎం.బి. అనీ, ఫోర్డు బండిని జి.పి.డబ్ల్యు. అనీ అంటారు. రెండూ ఒకే అచ్చు.

అమెరికా సేనలు బర్మా యుద్ధం కోసం మన దేశానికి వచ్చినప్పుడు ఈ బళ్ళూ వాటితోపాటు వచ్చాయి. యుద్ధం ముగిసినాక వెనక్కు మోసుకుపోవడం దండగని ఇక్కడే వదిలిపోయిన సామగ్రిని ప్రభుత్వం డిస్పోజల్స్ శాఖ పెట్టి వేలం వేసింది. జమీందార్లు, కంట్రాక్టర్లు, గనుల యజమానులు కొనుక్కున్నారు. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులున్న మన నెల్లూరు సీమలో అట్టాంటి బండికి పని లేకపోవడం ఏముంటుంది?

ఇక మన పిల్లలకు తప్పకుండా తెలియవలసిన సంగతి ఒకటుంది. ఈనాడు జీపు అంటే గుర్తొచ్చే మహీంద్రా కంపెనీకి పుట్టినప్పుడు పెట్టిన పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. 1945 అక్టోబరులో లూధియానాలో జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అనే అన్నదమ్ములు, మాలిక్ గులాం మహమ్మద్ గారు కలిసి ఉక్కు వ్యాపారంగా దాన్ని మొదలుపెట్టారు. దేశ విభజన జరిగి గులాం మహమ్మద్ గారు పాకిస్తాను వెళ్ళి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, తరువాత 1951 నుంచి 1955 వరకు గవర్నర్ జనరల్‌గా ఉన్నారు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. రెండక్షరాల పేరును మార్చనవసరం లేకుండా పోయిందని, బోర్డుల మీద ఇంగ్లీషులో ఎం అండ్ ఎం అట్టాగే ఉండిపోయిందని మా షెడ్డులో ఒక పెద్దాయన చెప్పి నవ్వుతుండేవారు. ఆ కంపెనీ బొంబాయి మజ్‌గావ్‌లో విల్లీస్ విడిభాగాలు తెప్పించి బిగించడం 1940ల చివర మొదలుపెట్టింది.

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసులకు జీపులొచ్చాయి. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక అది "సమితి జీపు" అయింది. దుమ్ము లేపుకుంటూ సమితి జీపు ఊళ్ళోకి వస్తే పిల్లలం వెనక పరుగెత్తినవాళ్ళం ఈ సభలో చాలామందిమి ఉన్నాము. 1980ల నడిమిలో మండలాలు వచ్చి సమితులు పోయినా, జీపును మాత్రం జనం చాలాకాలం సమితి జీపనే అన్నారు. ఆ జీపులు తోలినవాళ్ళలో, బాగుచేసినవాళ్ళలో మన సాయిబులు కొద్దిమంది కారు. మా పనికి మూలం అక్కడిదే.

ఇప్పుడు బేరం సంగతి. "మిలిటరీ బండి అన్నా, యుద్ధంలో తిరిగింది" అని అమ్మేవాడు చెప్తాడు. ఎన్ని బళ్ళు యుద్ధంలో తిరిగాయో గానీ, విల్లీస్ పేరుతో మా షెడ్డుకు వచ్చినవాటిలో ఎక్కువ భాగం మహీంద్రా బళ్ళే. మహీంద్రా బండి అయితే తప్పేమీ లేదు, గట్టి బండి. విల్లీస్ ధర పెట్టి మహీంద్రా కొనడమే తప్పు. యుద్ధపు జీపుకు ముందు రేకులో 9 చీలికలు ఉంటాయి. విల్లీస్ మొట్టమొదట చేసిన వాటికి రేకు కాకుండా కడ్డీలు అతికిన జాలీ ఉండేది. 1945 నుంచి వచ్చిన సివిలు జీపుకు 7 చీలికలే. యుద్ధపు బండికి హెడ్‌లైట్లు చిన్నవి, లోపలికి కూర్చొని ఉంటాయి. రెక్క మరను వదులు చేసి దీపాన్ని వెనక్కు తిప్పితే ఇంజను మీద వెలుతురు పడుతుంది. రాత్రిపూట రిపేరుకని చేసిన ఏర్పాటది. సివిలు బండికి దీపాలు పెద్దవి, వెనకవైపు తెరుచుకునే తలుపు ఉంటుంది. యుద్ధపు బండికి ఆ తలుపు లేదు. స్టీరింగు ఎడమవైపు. అయితే ఇక్కడ చాలావాటికి కుడివైపుకు మార్చేశారు గనుక ఆ ఒక్క గుర్తు చాలదు.

ఫోర్డు వాళ్ళకు ఒక చాదస్తం ఉండేది. తాము చేసిన ప్రతి ముక్క మీదా, ఆఖరికి బోల్టు తల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టేవాళ్ళు. ఛాసిస్ ముందు అడ్డదూలం విల్లీస్‌కు గుండ్రటి గొట్టం, ఫోర్డుకు బోర్లించిన పల్లెం లాంటి రేకు. బండి కింద పడుకుని టార్చి వేసి చూస్తే రెండు నిముషాల పని. చొక్కా మాస్తుందని పడుకోనివాడు లక్ష రూపాయలు పోగొట్టుకుంటాడు.

బానెట్ మరీ ఎత్తుగా, మొహం పొడుగ్గా కనిపిస్తే అది సి.జె.3బి. 1953లో విల్లీస్ కవాటాల అమరిక మార్చి కొత్త ఇంజను పెట్టింది. అది ఎత్తైన ఇంజను కాబట్టి బానెట్ లేపక తప్పలేదు. మన మహీంద్రా వాళ్ళు చాలా ఏళ్ళు చేసింది ఆ రూపమే. తరువాత డీజిలు ఇంజన్లు వచ్చాయి, ఎం.ఎం.540 వంటివి వచ్చాయి. రోజూ తిరగడానికి, సామాను దొరకడానికి ఆ డీజిలు బళ్ళే మేలని మా అభిప్రాయం. సేకరించేవాళ్ళు ఒప్పుకోరు, అది వాళ్ళ ఇష్టం.

జోంగా గురించీ పిల్లలు అడుగుతుంటారు. నిస్సాన్ పెట్రోల్ అనే జపాను బండి నమూనా తీసుకుని జబల్‌పూరు సైనిక కర్మాగారంలో మన సైన్యం కోసం 1999 వరకు తయారు చేశారు. 6 సిలిండర్లు, 4 లీటర్ల పెట్రోలు ఇంజను. చూడ్డానికి ఏనుగు, తాగడానికీ ఏనుగే. నెల జీతం మీద బతికేవాళ్ళు దాని జోలికి పోకుండా ఉంటే ఇంట్లో శాంతి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద సంగతి తుప్పు. ఇది సముద్రపు ఒడ్డు. ఉప్పుగాలి ఇనుమును తింటుంది. రాజస్థాన్‌లోనో, మన అనంతపురంలోనో 40 ఏళ్ళున్న రేకు, ఇస్కపల్లిలో పదేళ్ళకే కరకరమంటుంది. అందుచేత ఒడ్డు ఊళ్ళ బండిని, లోపలి ఊళ్ళ బండిని ఒకే ధరకు బేరమాడకూడదు. పైన తళతళలాడే ఆకుపచ్చ రంగు చూసి మోసపోవద్దు. చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి రేకు మీద జరుపుతూ పోండి. పట్టు తప్పిన చోటల్లా లోపల రేకు లేదు, లప్పమే ఉంది. తలుపు కిందా, కాళ్ళు పెట్టే చోటా, వెనక చక్రాల పైనా ముఖ్యంగా చూడాలి.

ఛాసిస్‌ను చిన్న సుత్తితో కొట్టి వినండి. గట్టి ఇనుము గణగణమంటుంది, పుచ్చింది డబడబమంటుంది. కమాన్ కట్టలు ఛాసిస్‌కు తగులుకునే కొక్కేలు, వెనక బంపరు దగ్గరి అడ్డదూలం, ఈ రెండూ ముందు పుచ్చే చోట్లు. యుద్ధపు జీపులో ఇంకో గుట్టు ఉంది. నేల రేకు కింద బలానికి పెట్టిన టోపీ ఆకారపు పట్టీల లోపల కొయ్య ముక్కలు పెట్టారు. ఆ కొయ్య నీళ్ళు పీల్చుకుని దాచుకుంటుంది. పైన ఎంత ఎండినా లోపల చెమ్మే. అక్కడి నుంచే నేల అంతా పోతుంది. కొయ్య తీసి మళ్ళీ పెట్టేటప్పుడు నూనె బాగా తాగించి, రంగు వేసి, నీరు కారిపోయే రంధ్రం తెరిచి పెట్టండి. కొందరు కొయ్య ఎందుకులే అని వదిలేస్తారు. పాత రూపం నిలబెట్టాలనే వాళ్ళకు అది నచ్చదు, మాకూ నచ్చదు.

మన పిల్లలకు జీపంటే సముద్రంలోకి తోలడమే. సినిమాల్లో చూస్తారు కదా! తోలండి, కానీ ఇంటికొచ్చిన పూటే మంచినీళ్ళతో అడుగు భాగమంతా కడగాలి. చక్రాలు మునిగేంత నీళ్ళలో పోతే ఆక్సిల్ ఆయిలు విప్పి చూడాలి. ఆయిలు పాలలాగా తెల్లబారిందంటే నీళ్ళు చేరినట్టే. ఆ రాత్రే మార్చకపోతే బేరింగులు పోతాయి. బకింగ్‌హాం కాలువ దాటి ఉప్పు కయ్యల్లోకి తిరిగే బళ్ళను చూసినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చిన్న చిన్న ముక్కలకు తుప్పు వదిలించే పద్ధతి ఒకటి మేము వాడతాము. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళుపోసి చాకలి సోడా కలిపి, తుప్పు ముక్కను బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగకు, పనికిరాని ఇనుప పలకను పాజిటివ్ తీగకు తగిలిస్తాము. రాత్రికి వేస్తే తెల్లారేసరికి తుప్పు నల్లటి బురదగా రాలిపోతుంది. దీనికి స్టీలు గిన్నె ముక్కలు పొరపాటున కూడా వాడవద్దు, విషపు నీళ్ళు తయారవుతాయి. గాలి ఆడే చోటే చేయాలి, దగ్గర బీడీ వెలిగించకూడదు. అందులోంచి వచ్చే గాలి అంటుకుంటుంది.

ఇంజను సంగతి త్వరగా చెప్పేస్తాము, ఎందుకంటే అది సులువు. యుద్ధపు జీపు ఇంజను 4 సిలిండర్లు, 2,199 సి.సి., 60 గుర్రాల బలం. దాన్ని విప్పి బోరు చేసి పిస్టన్లు, రింగులు వేయడం తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. సామాను మద్రాసు పుదుపేటలో వెతికితే దొరుకుతుంది. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఫైరింగ్ వరస 1, 3, 4, 2. ప్లగ్గు తీగలు వరస తప్పి పెట్టి ఇంజను పోయిందని ఏడ్చేవాళ్ళను చూశాము. యుద్ధపు బండి కరెంటు 6 వోల్టులు. 12కు మార్చినది చాలా ఉంటాయి, అందువల్ల బల్బు వేసేముందు చూసుకోండి. రెండో గేరులో పోతుండగా కాలు తీస్తే గేరు దానంతటది ఊడి వస్తుందేమో తోలి చూడండి. ఊడిందంటే గేర్‌బాక్సు విప్పవలసిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. అన్నిటికంటే ముందు బ్రేకు. పాత బండికి నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే బ్రేకు లైను. ఒకచోట కారితే నాలుగూ పోతాయి. రంగు తరువాత వేసుకోవచ్చు, సీట్లు తరువాత కుట్టించుకోవచ్చు, బ్రేకు గొట్టాలు మాత్రం మొదటి రోజే కొత్తవి వేయించాలి.

కాగితాల సంగతికి వస్తాము. తల్లులు కూడా ఇది వినాలి, ఎందుకంటే గాజులు మీవి.

సొమ్ము ముందు, బండి తరువాత అనే బేరం మన దేశంలో చాలా పాతది. 1948లో లండనులో మన హైకమిషనరుగా ఉన్న వి.కె. కృష్ణమేనన్ గారు సైన్యం కోసం జీపులు కొనడానికి సుమారు 80 లక్షల రూపాయల ఒప్పందం చేసుకున్నారు. సొమ్ములో చాలా భాగం ముందే చెల్లించడం జరిగింది. వచ్చి చేరినవి 155 బళ్ళు. పార్లమెంటులో పెద్ద రభస అయింది. మన తిరుపతి వారైన అనంతశయనం అయ్యంగారు గారి ఆధ్వర్యంలో కమిటీ విచారణ కూడా నడిచింది. 1955లో ప్రభుత్వం ఆ వ్యవహారం ముగిసిందని ప్రకటించింది. ఎవరిది తప్పు అన్నది తేల్చడం మన పని కాదు. ఒక దేశ ప్రభుత్వమే బండి కళ్ళ చూడకుండా సొమ్మిస్తే అట్టా అయింది. ఫోనులో ఫోటో చూసి బయానా పంపే మన అబ్బయ్య సంగతి చెప్పేదేముంది?

ఉత్తరాదిన హర్యానాలోని మండీ డబ్వాలీ అనే ఊరు జీపులు తయారుచేసి పంపడానికి పేరుపొందింది. ఎక్కడెక్కడి పాత భాగాలో కలిపి, వెడల్పు చక్రాలు వేసి, అందంగా రంగు కొట్టి పంపుతారు. పనితనాన్ని తప్పుపట్టలేము, మేమే చూసి మెచ్చుకున్న బళ్ళున్నాయి. అయితే బండి ఒకటి, సి బుక్కు ఇంకొకటి అయితే ఏమి చేస్తారు? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారైనప్పటి రూపానికి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. దారిలో ఆపినవాళ్ళకు ఇవన్నీ తెలుసు.

మొన్నామధ్య మన తీరపు ఊరి అబ్బాయి ఒకడు బండి తెచ్చాడు. పేరు, ఊరు చెప్పము. సి బుక్కులో ఉన్న నంబరే ఛాసిస్ మీదా ఉంది. కానీ నంబరు చుట్టూ వెల్డింగు గీత కనిపించింది. ఏదో ఒక బండి నుంచి ఆ ముక్క కోసి దీనికి అతికించారు. "చిచ్చా, నంబరు సరిపోయింది గదా, ఇంకేంది?" అన్నాడు. సరిపోయింది నంబరు, సరిపోనిది బండి. దొంగబండి అయితే పోలీసు కేసు కొన్నవాడి గడప కూడా తొక్కుతుంది. ఆ బండి మీద మేము చేయి వేయలేదు. వాళ్ళ నానా వచ్చి బతిమాలారు, అయినా వేయలేదు. అమ్మినవాడి ఫోను అప్పటికే పలకడం లేదు. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

కాబట్టి బయానా ఇచ్చే ముందు ఛాసిస్ నంబరు మీద సన్న కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్.ఓ.సి. కావాలి, దానికి 28వ నంబరు ఫారం. పేరు మార్పుకు 29, 30 ఫారాలు. ఫైనాన్సు ఉన్న బండి అయితే బాకీ తీరినట్టు 35వ ఫారం. సి బుక్కు పోయింది, డూప్లికేటు తీసిస్తాం అంటే అది తీసేదాకా ఆగండి. "అదంతా తరువాత చూసుకుందాం" అన్నవాడి దగ్గర కొనవద్దు.

మిలిటరీ వేలంలో కొన్న బండి అంటే సైన్యం ఇచ్చిన అమ్మకపు కాగితం అసలుది చూపించమనాలి. ప్రభుత్వ ఆఫీసుల పాత జీపుల విషయంలో ఇంకొక మార్పు వచ్చింది. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ బళ్ళకు 2023 ఏప్రిలు 1 నుంచి రిజిస్ట్రేషను కొనసాగించడం లేదు, అవి తుక్కు కేంద్రాలకు పోవలసిందే. ఇప్పుడెవరైనా "ఆఫీసు జీపు, మొన్ననే వేలంలో పాడాం, రోడ్డెక్కించుకో" అంటే రెండుసార్లు ఆలోచించాలి.

నిజంగానే పాత బండిని పాత బండిగా ఉంచుకోవాలనే వాళ్ళకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్ళ నియమాలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా మొదటి రూపంలో ఉన్న బండికి ప్రత్యేకంగా వి.ఎ. అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, మళ్ళీ చేయించుకోవడానికి 5,000. పదేళ్ళు చెల్లుతుంది. అయితే ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప మామూలు తిరుగుడుకు రోడ్డెక్కించకూడదు, బాడుగకు తిప్పకూడదు. అంటే పెళ్ళి ఊరేగింపులకు బాడుగకు ఇచ్చి డబ్బు చేసుకుందామనే వాళ్ళకు ఆ దారి పనికిరాదు.

మనవాళ్ళలో అమ్మేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకూ ఒక మాట. ధాన్యం కుప్పలో పైన పొడిగింజలు, కింద తడిసిన గింజలు పెట్టి అమ్మినవాణ్ణి ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు ఎట్టా మందలించారో మనకందరికీ చిన్నప్పుడే చెప్పారు. పుచ్చిన ఛాసిస్ మీద లప్పం పూసి రంగు కొట్టడం ఆ తడిసిన ధాన్యం కాక మరేమిటి? లోపం చెప్పి తగ్గించి అమ్మండి. మా షెడ్డు నుంచి పోయే బండికి ఏది కొత్తది, ఏది పాతది, ఏది అతుకు అని కాగితం మీద రాసి సంతకం చేసి ఇస్తున్నాము. దీనివల్ల రెండు బేరాలు పోయిన మాట నిజమే. పోనీలెండి.

జకాతు గురించి కూడా కొందరు అడిగారు. సొంతానికి ఉంచుకున్న జీపు మీద జకాతు లేదు. అమ్మడానికి కొన్న బళ్ళు మాత్రం వ్యాపార సరుకు. ఏడాది పూర్తయిన రోజున ఆనాటి మార్కెట్టు ధర కట్టి నూటికి రెండున్నర వంతు తీయాలని ఉలమాలు చెప్తారు. షెడ్డులో నాలుగు బళ్ళు పెట్టుకుని "ఇవన్నీ నా సరదాకే" అనేవాళ్ళు ఏ లెక్కలోకి వస్తారో వాళ్ళ మనసుకే తెలుసు. మిగతావి ఇమాము గారిని అడిగి తెలుసుకోండి, మాది స్పానరు పట్టే చేయి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. మేము షెడ్డులో పనిచేస్తున్నవాళ్ళం ముగ్గురం. ముగ్గురికీ వయసు మీద పడింది. కార్బురేటరు చెవితో విని సరిచేయడం, రేకును వేడిచేసి సుత్తితో మలిచి తీసుకురావడం, తెల్ల కవాటాన్ని చేత్తో రుద్ది కూర్చోబెట్టడం ఇవన్నీ పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. కొత్త బళ్ళ కంపెనీ షెడ్లలో పాడైన ముక్క తీసేసి కొత్త ముక్క వేస్తారు, అది వేరే విద్య. పాత బండికి కొత్త ముక్క దొరకదు, చేసుకోవాలి. మోజు ఉన్నంతకాలం ఈ పనికి గిరాకీ ఉంది. నెల్లూరు నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా చేసేవాళ్ళు తగ్గిపోతున్నారు.

పదో తరగతి తప్పి చేపల లారీల మీద క్లీనర్లుగా పోతున్న పిల్లలు మన వీధుల్లోనే ఉన్నారు. జీపు కొనడానికి వడ్డీకి తెచ్చే సొమ్ములో పదో వంతు పెడితే ఒక పిల్లవాడికి పనిముట్ల పెట్టె వస్తుంది. సంఘం ఆ పెట్టెకు వడ్డీలేని ఖర్జె హసనా ఇచ్చే ఏర్పాటు చేస్తే, ఇద్దరు పిల్లలకు రెండేళ్ళు పని నేర్పి, భోజనం పెట్టి, చేతి ఖర్చు ఇచ్చే పూచీ మాది. దానికి మేము ఫీజు అడగము. ఒక్క షరతు, పొద్దున్నే ఐ.టి.ఐ.కి పోవాలి, సాయంత్రం షెడ్డుకు రావాలి. సర్టిఫికెట్టు లేని పనివాడికి రేపు గల్ఫులో కూడా కూలి సరిగా రాదు.

ప్రస్తుతం షెడ్డులో ఒక సి.జె.3బి విప్పి ఉంది. ఛాసిస్ ఒకచోట, బాడీ ఒకచోట, ఇంజను బల్ల మీద ఉన్నాయి. ఇప్పుడు చెప్పిన తుప్పు, అతుకులు, నంబర్లు అన్నీ కళ్ళతో చూడవచ్చు. వచ్చే శుక్రవారం జుమా నమాజు తరువాత అసర్ దాకా తెరిచి ఉంచుతాము. జీపు బేరంలో ఉన్న పిల్లలు సి బుక్కు జిరాక్సు, ఛాసిస్ నంబరు అచ్చు తెచ్చుకోండి, చూసి చెప్తాము. ఇంట్లో పెద్దవాళ్ళను కూడా వెంట తీసుకురండి. టీ మాది.

వస్సలాం.